పగ్గం వదిలినప్పుడే గుర్రం నేర్చుకుంటుంది



సూర్యాపేట అయినా, కోదాడ అయినా, మిర్యాలగూడ అయినా మన పిల్లల్లో చాలామంది గుర్రాన్ని దగ్గరగా చూసేది ఒక్కచోటే: పెళ్లి బరాత్‌లో. ఫంక్షన్ హాల్ ముందు డీజే మోగుతుంటుంది, టపాసులు పేలుతుంటాయి, మధ్యలో అలంకరించిన గుర్రం మీద పెళ్లికొడుకు. చూసినంతసేపు సరదా. ఇంటికొచ్చాక గుర్రం మళ్లీ 'హెచ్ ఫర్ హార్స్' బొమ్మ దగ్గరే ఆగిపోతుంది.

ఈ నెల గుర్రం గురించి కాస్త లోతుగా తెలుసుకుందాం. ఎవరూ వద్దనుకున్న గుర్రాలను తెచ్చి సాకి, వాటి పక్కన దిగులుతో ముడుచుకుపోయిన పిల్లలను నిలబెట్టి, ఇద్దరినీ మెల్లగా తేరుకునేలా చేసే చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. అక్కడ జరిగేది మాయ కాదు, ఒక పద్ధతి. ఆ పద్ధతిలోని అసలు సూత్రానికి గుర్రం కూడా అక్కర్లేదు. మార్కులు ఇంటికి వచ్చే ప్రతిసారీ మన ఇళ్లలో అది పనికొస్తుంది.

ఒక బిడ్డ, ఒక గుర్రం, ఒక పెద్ద

అమెరికాలోని ఓరెగాన్ రాష్ట్రంలో బెండ్ అనే ఊరుంది. అక్కడ ట్రాయ్ మీడర్, కిమ్ మీడర్ అనే దంపతులు 1995లో 'క్రిస్టల్ పీక్స్ యూత్ రాంచ్' ప్రారంభించారు. ఇదొక క్రైస్తవ సేవా సంస్థ. వాళ్లు తీసుకున్నది అగ్నిపర్వతపు గుల్లరాయి తవ్వి వదిలేసిన గని నేల. పచ్చగడ్డి మొలవని ఆ బీడునే బాగుచేసుకుని, తిండి లేక ఎముకలు తేలినవీ, దెబ్బలు తిన్నవీ, యజమానులు వదిలేసినవీ అయిన గుర్రాలను తెచ్చి సాకడం మొదలుపెట్టారు. తర్వాత అక్కడికి పిల్లలు రావడం మొదలైంది.

కిమ్ మీడర్ తొమ్మిదేళ్ల వయసులో తల్లిదండ్రులిద్దరినీ ఒకేసారి కోల్పోయారు. ఆ దుఃఖంలో తనను నిలబెట్టింది ఒక గుర్రమని ఆమె చెబుతారు. తనకు దొరికిన ఆ తోడు ఇంకో బిడ్డకు దొరకాలన్నదే ఆమె తపన. 2003లో వచ్చిన 'హోప్ రైజింగ్' పుస్తకంలో ఆ రాంచ్‌కు వచ్చిన పిల్లల గురించి, గుర్రాల గురించి ఆమె రాశారు. ఆ తర్వాత అదే దారిలో మరెన్నో చోట్ల ఇలాంటి రాంచ్‌లు మొదలయ్యాయి.

అక్కడి పద్ధతి చాలా సులువుగా చెప్పవచ్చు. ఒక బిడ్డకు ఒక గుర్రం, ఒక పెద్ద మనిషి. కుటుంబం నుంచి ఫీజు తీసుకోరు. ఆ కాసేపు ఆ పెద్ద మనిషికి వేరే పని లేదు, వేరే బిడ్డ లేదు.

ఇలాంటి చోట్ల గుర్రం ఎక్కడం మొదటి పని కాదు. ముందు బ్రష్‌తో గుర్రం ఒళ్లు రుద్దాలి. గిట్టలో ఇరుక్కున్న రాళ్లు, మట్టి తీయాలి. నీళ్లు పెట్టాలి, పేడ ఎత్తాలి. ఎప్పుడూ ఇతరుల జాలి పొందుతూ వచ్చిన బిడ్డకు అక్కడ మొదటిసారి తనే ఒకరికి సాయం చేసే అవకాశం వస్తుంది. "ఈ గుర్రాన్ని కూడా ఎవరో కొట్టారు, అందుకే చేయి ఎత్తితే బెదురుతుంది" అని చెబితే ఆ బిడ్డకు ఇంకే వివరణా అక్కర్లేదు. చేయి ఎలా దించాలో వాడికి తెలుసు.

తరగతి గదిలో మాకు ఒక్కరికి ఒక్కరం చొప్పున కూర్చోవడం సాధ్యపడదు. ఇంట్లో మీకు సాధ్యమే, రోజూ కాకపోయినా వారానికి ఒకసారైనా. ఆ సంగతికి చివర్లో వద్దాం.

గుర్రమే ఎందుకు?

గుర్రం వేటకు గురయ్యే జాతికి చెందిన జంతువు. పులిలా ఎదురు తిరిగి బతకలేదు, ప్రమాదాన్ని ముందే పసిగట్టి పరుగెత్తి బతుకుతుంది. అందుకే దాని ఒళ్లంతా కాపలాయే. కళ్లు తలకు రెండు పక్కలా ఉండడం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ చూడగలదు. నుదుటికి సరిగ్గా ముందు, తోకకు సరిగ్గా వెనక మాత్రమే దానికి కనిపించదు. రెండు చెవులూ విడివిడిగా తిరుగుతాయి. ఎదుటి మనిషి ఎంత వేగంగా వస్తున్నాడు, భుజాలు బిగుసుకున్నాయా, గొంతు పెరిగిందా అన్నది అది ఇట్టే పట్టేస్తుంది.

గుర్రం మనిషిని ఎంతగా చదువుతుందో చెప్పే నిజమైన కథ ఒకటుంది. ఉపాధ్యాయులం కాబట్టి మాకు ఇది మరీ ఇష్టం. జర్మనీలోని బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవారు. తన గుర్రం హాన్స్‌కు లెక్కలు నేర్పానని ఆయన చెప్పేవారు. "మూడు, నాలుగు కలిపితే ఎంత?" అని అడిగితే హాన్స్ గిట్టతో నేలను ఏడుసార్లు తట్టేది. జనం విరగబడి చూసేవారు. 1904లో ఒక నిపుణుల సంఘం వచ్చి పరిశీలించి, ఇందులో మోసమేమీ లేదని తేల్చింది.

అసలు సంగతిని 1907లో ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు బయటపెట్టారు. ప్రశ్న అడిగేవారికే జవాబు తెలియకపోతే హాన్స్ కూడా తప్పేది. అడిగేవారు దానికి కనిపించకుండా చాటున ఉన్నా తప్పేది. అంటే హాన్స్‌కు లెక్కలు రావు. గిట్ట తడుతూ అది ఎదుటి మనిషిని చూసేది. సరైన అంకె దగ్గరికి రాగానే ఆ మనిషికే తెలియకుండా ఒంట్లోని బిగువు సడలేది, తల రవ్వంత కదిలేది. అది చూసి హాన్స్ ఆపేసేది. మాస్టారు మోసం చేయలేదు, పాపం ఆయనకే ఆ సంగతి తెలియదు.

2016లో ఇంగ్లండ్‌లోని ససెక్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 28 గుర్రాలకు మనుషుల ఫొటోలు చూపించారు. కోపంగా ఉన్న ముఖం చూసినప్పుడు వాటి గుండె వేగం ఎక్కువగా పెరిగింది. ఫొటోకే అంత అయితే, ఎదురుగా నిలబడిన మనిషి ముఖం సంగతి ఊహించవచ్చు.

మన పిల్లలూ హాన్స్ లాంటివాళ్లే. ప్రోగ్రెస్ కార్డు తెరిచినప్పుడు మన నోరు "పర్లేదులే నాన్నా" అంటుంది, కనుబొమలు ఇంకోటి అంటాయి. పిల్లలు నమ్మేది కనుబొమల్నే. "నేనేమీ అనలేదు మేడమ్, అయినా ఏడుస్తున్నాడు" అని పేరెంట్స్ మీటింగ్‌లో చెప్పే అమ్మానాన్నలు అబద్ధమాడడం లేదు. నిజంగానే వారేమీ అనలేదు. బిడ్డ మాత్రం విన్నాడు.

గుర్రం దగ్గర ఆ బిడ్డకు హాయిగా ఎందుకుంటుందో ఇప్పుడు అర్థమవుతుంది. వాడు ఏ సెక్షన్‌లో ఉన్నాడో గుర్రానికి తెలియదు. పక్కింటి అబ్బాయి ర్యాంకు తెలియదు. మాట నత్తిగా వచ్చినా నవ్వదు. దానికి కావలసింది ఒక్కటే, నా పక్కన నెమ్మదిగా ఉన్నావా లేదా. నెమ్మదిస్తే దగ్గరికి వస్తుంది, విసుక్కుంటే దూరం జరుగుతుంది. ఇంత సూటిగా, ఇంత పక్షపాతం లేకుండా జవాబిచ్చే టీచర్లు మనుషుల్లో తక్కువ.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. భారతంలో నలమహారాజు బాహుకుడనే పేరుతో సారథిగా ఉన్నప్పుడు ఋతుపర్ణుడికి ఒక విద్య ఇచ్చి, బదులుగా అక్షహృదయం అనే పాచికల విద్య నేర్చుకుంటాడు. నలుడిచ్చిన ఆ విద్య పేరు అశ్వహృదయం. గుర్రాన్ని నడిపే విద్యకు కొరడా పేరో కళ్లెం పేరో పెట్టకుండా హృదయం పేరు పెట్టారు.

పగ్గం చెప్పే పాఠం

ఇప్పుడు అసలు సూత్రానికి వద్దాం. పెద్ద గుర్రం బరువు సుమారు 400 నుంచి 500 కిలోలు. ఐదో తరగతి బిడ్డ బరువు 30 కిలోలు. బలంతో లాగి గుర్రాన్ని కదిలించడం బిడ్డ వల్ల కాదు, మన వల్లా కాదు. మరి ఎలా కదులుతుంది?

పగ్గాన్ని కొద్దిగా, మెత్తగా బిగించాలి. బిగించి ఆగాలి. గుర్రం ఆలోచిస్తుంది. ఎప్పుడో ఒకప్పుడు అరడుగు ముందుకు వేస్తుంది, లేదా కనీసం బరువును ముందుకు వాలుస్తుంది. సరిగ్గా ఆ క్షణంలో పగ్గం వదులు చేయాలి. ఆ వదులే దానికి "శభాష్, ఇదే నేనడిగింది" అని చెబుతుంది. గుర్రాలకు నేర్పేవాళ్లందరికీ తెలిసిన మాట ఇది: లాగడం ప్రశ్న మాత్రమే, వదలడమే జవాబు. గుర్రం నేర్చుకునేది ఆ జవాబు నుంచి.

అది అడుగు వేశాక కూడా లాగుతూనే ఉన్నామనుకోండి. అడుగు వేసినా లాభం లేదని దానికి అర్థమవుతుంది. అప్పుడు రెండిట్లో ఒకటి జరుగుతుంది. కొన్ని గుర్రాలు ఎదురు తిరుగుతాయి. కొన్ని మొద్దుబారతాయి. కళ్లెం ఎప్పుడూ బిగించి ఉంచితే గుర్రం నోటికి స్పర్శ తెలియడం మానేస్తుంది, దాన్ని 'గట్టి నోటి గుర్రం' అంటారు. ఎంత లాగినా పలకదు. చూసేవాళ్లు మొండిది అనుకుంటారు. నిజానికి అది ఒకప్పుడు పలికిన గుర్రమే. పలికినప్పుడు ఎవరూ వదల్లేదు.

ఈ మాట రాస్తున్నప్పుడు, ఏం చెప్పినా "ఊఁ" అని తల దించుకునే ఎనిమిదో తరగతి పిల్లలు కళ్ల ముందు మెదులుతున్నారు. మీకూ మెదులుతూ ఉండవచ్చు.

ఒక ఉదాహరణ చూద్దాం. కిందటి పరీక్షలో లెక్కల్లో మీ పాపకు 62 వచ్చాయి. ఈసారి 71. పాప అడుగు ముందుకు వేసింది. మన నోట సాధారణంగా వచ్చే మాట: "బాగుంది, ఇంకో తొమ్మిది తెచ్చుకుంటే 80 అయ్యేది కదా." ప్రేమతోనే అంటాం. కానీ పాప చేతికి తెలిసింది ఏమిటి? అడుగు వేసినా పగ్గం బిగువు తగ్గలేదని. 80 వస్తే 90 అడుగుతారు, 90 వస్తే ఫస్ట్ ర్యాంకు ఎవరికని అడుగుతారు. ఈ లాగడానికి ముగింపు లేదని పాప నిర్ణయించుకుంటే, ఆ నిర్ణయాన్ని మార్చడం ట్యూషన్ వల్ల కాదు.

దీనికి బదులు ఇలా అని చూడండి: "62 నుంచి 71కి వచ్చావు. ఈసారి ఏం కొత్తగా చేశావు?" జవాబు వినండి. అక్కడితో ఆపండి. ఆ రోజుకు పగ్గం వదులు. తర్వాతి లక్ష్యం గురించి మర్నాడో ఆదివారమో మాట్లాడుకోవచ్చు.

ఒక అనుమానం వస్తుంది. "ఇలా వదిలేస్తే పిల్లలు చదువుతారా?" పగ్గం పారేయమని ఎవరూ చెప్పడం లేదు. అసలు బిగించని పగ్గంతో కూడా గుర్రం ఏమీ నేర్చుకోదు. హోంవర్క్ వేళ వేళే, ఫోన్ పక్కన పెట్టాల్సిన సమయం సమయమే. అడగాల్సింది స్పష్టంగా అడగాలి, అడిగింది జరిగిన వెంటనే వదలాలి. ఆలస్యంగా వదిలితే గుర్రానికి దేనికి వదిలారో తెలియదు. శుక్రవారం చేసిన మంచి పనికి పది రోజుల తర్వాత మెచ్చుకుంటే పిల్లలకూ తెలియదు.

నడకే వ్యాయామం: లిజ్ హార్టెల్ కథ

మనసుకు సంబంధించిన సాయం ఒకటైతే, గుర్రం వల్ల ఒంటికి కలిగే సాయం మరొకటి. డెన్మార్క్‌కు చెందిన లిజ్ హార్టెల్‌కు 1944లో, కడుపుతో ఉండగా, పోలియో వచ్చింది. అప్పటికి ఆమె వయసు 23. మోకాళ్ల కింద కాళ్లు పనిచేయడం మానేశాయి. ఆమె మళ్లీ గుర్రం ఎక్కడం నేర్చుకున్నారు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో డ్రెసేజ్ అనే గుర్రపు స్వారీ పోటీలో రజత పతకం గెలిచారు. ఆ పోటీలో మహిళలకు అవకాశం ఇచ్చింది ఆ ఏడాదే మొదలు. పతకం అందుకునే గద్దె ఎక్కడానికి స్వర్ణం గెలిచిన స్వీడన్ రౌతు ఆమెకు చేయందించారు. 1956లో మళ్లీ రజతమే గెలిచారు. ఆమెను చూశాక యూరప్‌లో, తర్వాత అమెరికాలో వైకల్యం ఉన్నవారికి స్వారీ నేర్పే కేంద్రాలు పెరిగాయి.

గుర్రం నడుస్తున్నప్పుడు దాని వీపు ముందుకు వెనక్కి, పక్కలకు, పైకి కిందికి కదులుతుంది. పైన కూర్చున్న మనిషి నడుము కూడా అదే లయలో కదులుతుంది. అది మనం నడిచేటప్పుడు నడుము కదిలే తీరుకు చాలా దగ్గర. సొంతంగా నడవలేని బిడ్డ శరీరానికి నడక ఎలా ఉంటుందో ఆ విధంగా పరిచయమవుతుంది. పడిపోకుండా కూర్చోవడానికి వీపు, పొట్ట కండరాలు పనిచేస్తూనే ఉండాలి. ఫిజియోథెరపిస్ట్ లేదా ఆక్యుపేషనల్ థెరపిస్ట్ గుర్రం నడకను ఇలా చికిత్సలో భాగంగా వాడితే దాన్ని హిప్పోథెరపీ అంటారు. గ్రీకు భాషలో హిప్పోస్ అంటే గుర్రం.

ఆటిజం ఉన్న పిల్లల మీద కూడా పరిశోధన జరిగింది. అమెరికాలోని కొలరాడోలో 6 నుంచి 16 ఏళ్ల మధ్య వయసున్న 127 మంది పిల్లలతో చేసిన అధ్యయనం 2015లో ప్రచురితమైంది. ఒక బృందానికి 10 వారాలు గుర్రపు స్వారీ నేర్పారు. రెండో బృందం కూడా గుర్రాల శాలకే వచ్చింది, కానీ గుర్రాన్ని కలవలేదు. గుర్రమంత బొమ్మతో పాఠాలు నేర్చుకుంది. స్వారీ చేసిన పిల్లల్లో చిరాకు, అతి చురుకుదనం తగ్గాయి. మాట్లాడే మాటల సంఖ్య పెరిగింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. గుర్రం ఎక్కితే ఆటిజం పోదు, సెరిబ్రల్ పాల్సీ పోదు. ఇది చికిత్సకు తోడు మాత్రమే, చికిత్సకు బదులు కాదు. "పది సెషన్లలో మాటలు వస్తాయి" అని ఎవరైనా డబ్బు అడిగితే నమ్మకండి. ఎక్కడైనా ఇలాంటి కేంద్రానికి వెళ్లాలనుకుంటే మూడు ప్రశ్నలు అడగండి. అర్హత ఉన్న థెరపిస్ట్ దగ్గర ఉంటారా? హెల్మెట్ పెట్టి, పక్కన మనుషులు నడుస్తారా? మా పిల్లల డాక్టర్ అనుమతి పత్రం మీరు అడుగుతారా? మూడో ప్రశ్న చాలా ముఖ్యం. ఉదాహరణకు డౌన్ సిండ్రోమ్ ఉన్న కొందరు పిల్లల్లో మెడ పైభాగపు ఎముకల కీలు వదులుగా ఉంటుంది. వారికి స్వారీ ప్రమాదం. డాక్టర్ మెడ పరీక్షించాకే ఎక్కించాలి.

గుర్రం లేకపోయినా మన దగ్గర ఉన్నవి

ఈ వ్యాసం చదివే తల్లిదండ్రుల్లో కొందరికి మనసులో ఒక బెంగ ఉండవచ్చు. ఇంట్లో చిన్నబిడ్డకు రెండేళ్లు దాటినా రెండు మాటలు కలిపి అనడం లేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడడం లేదు. వచ్చిన మాటలు ఆగిపోయాయి. "మగపిల్లలకు మాటలు ఆలస్యమే", "వాళ్ల నాన్నకూ నాలుగేళ్లకే వచ్చాయి" అని పెద్దవాళ్లు ధైర్యం చెబుతారు. ఆ ధైర్యం మంచిదే, కానీ దాని పేరు మీద ఏడాది పోనివ్వకండి. చిన్నతనంలో మొదలుపెట్టిన సాయానికి ఫలితం ఎక్కువ.

ఎక్కడికి వెళ్లాలి? మొదట పిల్లల డాక్టర్ దగ్గరికి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు పిల్లల్లో పుట్టుక లోపాలు, ఎదుగుదల ఆలస్యాలను గుర్తించి జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రాలకు పంపుతారు. దారి కోసం ప్రభుత్వాసుపత్రిలో అడగవచ్చు. సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు శిక్షణ పొందిన రిసోర్స్ పర్సన్లు నేర్పుతారు. మండల విద్యాధికారి కార్యాలయంలో వాటి వివరాలు చెబుతారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్‌ఐఈపీఐడీ, బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల పరీక్షలకు, శిక్షణకు దేశానికే పెద్ద కేంద్రం. హైదరాబాద్ రోడ్డు ఎక్కితే మన మూడు ఊళ్ల నుంచీ కొన్ని గంటల ప్రయాణం.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజం, లెర్నింగ్ డిజెబిలిటీ సహా 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉన్నట్టు సర్టిఫికెట్ ఉంటే చట్టం ఇచ్చే ప్రత్యేక సదుపాయాలకు అర్హత వస్తుంది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లకు ముద్ర పడుతుందని, రేపు సంబంధాలు రావని భయపడి చాలా కుటుంబాలు వెనకాడతాయి. ఆ భయం అర్థమవుతుంది. కానీ దాచిన ప్రతి ఏడాదీ ఆ బిడ్డదే, మనది కాదు.

మీ బిడ్డ గురించి మాకు చెబితే అది క్లాస్ టీచర్ దగ్గరే ఉంటుంది. కూర్చునే చోటు మార్చడం, రాయడానికి కొంచెం ఎక్కువ సమయం ఇవ్వడం, అందరి ముందు చదవమని అడగకపోవడం వంటివి వెంటనే చేయగలం. చెప్పకపోతే మాకు ఆ బిడ్డ 'పలకని' బిడ్డగానే కనిపిస్తాడు.

ఇంట్లో అరగంట: నాలుగు వారాల అభ్యాసం

ఓరెగాన్ రాంచ్ నుంచి మనం తెచ్చుకోగలిగింది ఇదే. వారానికి ఒక రోజు, అరగంట, ఒక బిడ్డకు ఒక పెద్ద. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ వేర్వేరు రోజులు. ఫోన్ వేరే గదిలో. ఆ అరగంటలో చదువు ప్రస్తావన లేదు.

మొదటి వారం: పక్కన ఉండండి. ఏం చేయాలో బిడ్డే చెప్పాలి. క్యారమ్స్ అయినా, సైకిల్ తుడవడమైనా సరే. సలహాలు ఇవ్వకండి. బిడ్డ మాట్లాడకపోతే మీరూ ఊరుకోండి. బెదిరిన గుర్రం దగ్గర మొదటి రోజు మనిషి చేసేది అదే, దూరంగా నిలబడి అది అలవాటు పడేదాకా ఆగడం.

రెండో వారం: చదవండి. బిడ్డ చెవులు గుర్రం చెవుల్లా తిరగవు కానీ భుజాలు, చేతివేళ్లు, గొంతు చాలా చెబుతాయి. ఏ మాట దగ్గర బిగుసుకున్నాడు, ఏ మాట దగ్గర సడలాడు? గమనించింది ఒక కాగితం మీద రెండు ముక్కల్లో రాసుకోండి. బిడ్డకు చెప్పకండి.

మూడో వారం: ఒక ప్రాణిని అప్పగించండి. మేడ మీద పిట్టలకు నీళ్ల గిన్నె, పెరట్లో కోడిపిల్ల, ఊళ్లో తాతయ్య గారింట్లో దూడ, ఏమీ లేకపోతే కరివేపాకు మొక్క. బాధ్యత పూర్తిగా బిడ్డదే. మర్చిపోతే గుర్తు చేయండి, మీరే చేసేయకండి.

నాలుగో వారం: ఒక్క పగ్గం వదలండి. ఇన్నాళ్లుగా రోజూ గుర్తుచేస్తున్న, బిడ్డ ఇప్పటికే బాగా చేస్తున్న పని ఒకటి ఎంచుకోండి. స్నానం కావచ్చు, బ్యాగు సర్దుకోవడం కావచ్చు. "ఇక దీని గురించి నేను అడగను, నీకు వచ్చేసింది" అని చెప్పి నిజంగానే అడగడం మానేయండి. ఇది పిల్లలకు పెద్ద బహుమతి. డబ్బు ఖర్చు కాదు, కానీ మనకు నోరు ఆపుకోవడం చాలా కష్టం.

బిడ్డ బాగా దిగులుగా ఉన్నా, తిండి నిద్ర మానేసినా, చచ్చిపోతానని ఒక్కసారి అన్నా, ఈ అరగంటతో సరిపెట్టకండి. వెంటనే డాక్టర్‌ను కలవండి. టెలీ మానస్ నంబరు 14416, పిల్లల సహాయానికి 1098. రెండూ ఉచితమే.

బరాత్ గుర్రం దగ్గర

మళ్లీ పెళ్లికి వెళ్లినప్పుడు పిల్లలకు ఈ నాలుగు సంగతులు చూపించండి.

వెనక నుంచి వెళ్లకూడదు, దానికి కనిపించదు, బెదిరి తన్నవచ్చు. భుజం వైపు నుంచి నెమ్మదిగా, మాట్లాడుతూ వెళ్లాలి.

చెవులు ముందుకు ఉంటే ఆసక్తి. వెనక్కి తలకు అతుక్కుని ఉంటే కోపం, దూరంగా ఉండాలి. కంటి తెల్లగుడ్డు బాగా కనిపిస్తుంటే భయపడుతుండవచ్చు.

గుర్రం పక్కన టపాసులు కాల్చవద్దని అక్కడున్న పెద్దవాళ్లకు చెప్పాలి. 350 డిగ్రీలు చూసే కళ్లకు, అటూ ఇటూ తిరిగే చెవులకు ఆ శబ్దం ఎలా ఉంటుందో పిల్లలే ఊహించి చెప్పగలరు.

నోట్లో ముళ్ల కళ్లెం ఉందేమో చూడాలి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద 1965లో వచ్చిన నిబంధనలు ముళ్ల కళ్లేలను నిషేధించాయి. గాయపడిన పశువు కనిపిస్తే 1962కు ఉచితంగా ఫోన్ చేయవచ్చు, అది సంచార పశువైద్య సేవల నంబరు.

గుర్రం యజమానితో గొడవ పడనక్కర్లేదు. ఆయన కుటుంబం బతికేది దాని మీదే. "అన్నా, దీనికి నీళ్లు పెట్టారా?" అని మీ పాప అడిగితే చాలు.

పిల్లలతో మాట్లాడడానికి

రాత్రి భోజనం దగ్గర వీటిలో ఒకటి అడగండి. తప్పు జవాబంటూ లేదు.

1. హాన్స్‌కు లెక్కలు రావు. అయినా అది తెలివైనదేనా? ఎందుకు?

2. దెబ్బలు తిన్న గుర్రం నిన్ను నమ్మాలంటే మొదటి రోజు ఏం చేస్తావు? ఏం చేయవు?

3. మన ఇంట్లో ఎవరి ముఖం చూస్తే నీకు భయం వేస్తుంది? ఎవరిని చూస్తే ధైర్యం వస్తుంది?

4. అమ్మ, నాన్న ఏ ఒక్క విషయంలో పగ్గం కొంచెం వదిలితే నీకు బాగుంటుంది?

మూడు, నాలుగు ప్రశ్నలకు వచ్చే జవాబులు మనకు నచ్చకపోవచ్చు. "అలా ఎందుకు అనుకుంటున్నావ్?" అని వెంటనే అనకండి. బిడ్డ ఒక అడుగు ముందుకు వేసింది. "చెప్పినందుకు థాంక్స్ రా" అనండి, ముద్ద కలిపి పెట్టండి. జవాబు గురించి రేపు ఆలోచించుకోవచ్చు.